ఎదురు మంచం

ఆపరేషన్ వార్డులో నర్సు పెద్దక్కని ఎరగనివాళ్ళు లేరు. రోగులకే కాదు, తనకంటే వయసులో పెద్దవాళ్ళయిన డాక్టర్లకి కూడా ఆవిడ పెద్దక్కే. కన్నవాళ్ళు పెట్టిన పేరొకటి ఆఫీసు కాగితాల్లో ఉందంటారు గానీ, పిలిచేవాళ్ళు లేక అది అక్కడే మూలపడింది. మనిషి చూడబోతే మూరెడు, గొంతు విప్పితే బారెడు. వార్డులోకి చెప్పులేసుకొచ్చిన చుట్టాన్నీ, రోగి మంచం మీద చతికిలబడి కబుర్లు చెప్పే ప్రొఫెసర్నీ ఒకే నోటితో దులిపేసేది. ఎవరూ ఏమీ అనుకునేవాళ్ళు కాదు. పెద్దక్క తిట్టిందంటే ఇక బతికినట్టే అని రోగుల్లో ఒక నమ్మకం కూడా ఉండేది. నిజంగా బాలేనివాణ్ణి ఆవిడ ఏనాడూ తిట్టలేదు మరి.

అలాంటి మనిషి తన చేతుల మీద పెంచుకున్న తమ్ముణ్ణి, తన వార్డులోనే, తను డ్యూటీలో ఉండగానే చేజార్చుకుంది. తలరాత అని సరిపెట్టుకుందామంటే ఆవిడకి మనసొప్పలేదు. నాకూ ఒప్పలేదు. అందుకే మొదటినుంచీ చెప్తాను.

ఆ తమ్ముడు పాకే వయసులోనే తల్లి పోయింది. తండ్రి లారీ మీద ఊళ్ళు తిరిగేవాడు, ఇంట్లో ఉన్న రోజులకంటే లేని రోజులే ఎక్కువ. చంటివాణ్ణి చంకనేసుకుని బడికెళ్తే పంతులమ్మ గుమ్మం అవతల నిలబెట్టేది. అక్కణ్ణించి విన్న చదువులో మిగతావన్నీ ఎలాగో తలకెక్కాయి గానీ లెక్కలు మాత్రం ఎక్కలేదు. ఎక్కాలు చెప్పమంటే చంకలోవాడు ఏడుపు లంకించుకునేవాడు, వాడితోబాటు ఈవిడా ఏడ్చేది. ఇంకో చదువు మాత్రం అడక్కుండానే వచ్చింది. ఏ ఏడుపు ఆకలిదో, ఏ ఏడుపు మొండిదో, ఏ ఊరుకోవడం ఒంట్లో బాలేకో, పిల్లాడి ముఖం చూసి పసిగట్టేసేది. ఆ చదువే తర్వాత కూడు పెట్టింది.

తమ్ముడు పెద్దవాడై లేత్ మిషన్ పని నేర్చుకున్నాడు. వట్టి వాగుడుకాయ. వాడు ఇంట్లో ఉంటే రేడియో అక్కరలేదని పక్కవాటావాళ్ళు అనేవాళ్ళు. "పెళ్ళెప్పుడే?" అని చుట్టాలు అడిగితే పెద్దక్క, "ముందు వీణ్ణో ఇంటివాణ్ణి చెయ్యనివ్వండి" అనేది. వాణ్ణి ఇంటివాణ్ణి చేసేసరికి వాళ్ళు అడగడం మానేశారు. మరదలు మాత్రం బంగారంలాంటి పిల్ల. మొగుడు పది మాటలంటే తను ఒకటి అంటుంది, ఆ ఒక్కటీ వదినగారిని అడిగాకే అంటుంది. పాలు విరిగితే వదిన, దగ్గొస్తే వదిన. వదిన చెప్పిందంటే ఆ ఇంట్లో దానికి తిరుగులేదు.

ఇక వార్డు సంగతి. పొడుగాటి గది, అటొక వరస ఇటొక వరస మంచాలు, తలుపు పక్కన నర్సుల బల్ల. ఆ బల్లకి సరిగ్గా ఎదురుగా మూడు మంచాలున్నాయి. వాటిని ఎదురు మంచాలంటారు. మంచం నంబరు ఆ చోటుదే, గోడ మీద రాసి ఉంటుంది. తల ఎత్తితే చాలు, ఆ మూడింటిమీదా ఉన్నవాళ్ళు కనిపిస్తారు. ఆ వార్డులో ఒక అలవాటుండేది. ఎవరు పెట్టారో తెలీదు, ఏ రూలులోనూ లేదు. ఏ నర్సుకైనా ఏ రోగినైనా చూసి మనసులో ఏదో కీడు తోచిందంటే, డాక్టర్ని అడక్కుండానే అతన్ని ఎదురు మంచానికి మార్చేసేవాళ్ళు. ఎందుకు మార్చావని అడిగితే "ఎందుకో బాలేదక్కా" అనేవాళ్ళు. అంతకుమించి కారణం చెప్పేవాళ్ళూ లేరు, అడిగేవాళ్ళూ లేరు. దుప్పటి అంచు ఊరికే పీకుతూ ఉండటం, కసిరే మనిషి ఉన్నట్టుండి మర్యాదగా మాట్లాడటం, కాళ్ళ వేళ్ళు ఒక రకంగా పాలిపోవడం, ఇలాంటివేవో కళ్ళు చూసేవి, చేతులు మంచాన్ని తోసేవి. అలా ఎదురుకి వచ్చిన రోగుల్లో చాలామందికి సాయంత్రానికల్లా మీదికొచ్చేది. బల్ల ముందే ఉన్నారు కాబట్టి డాక్టరు వేళకి అందేవాడు.

ఈ వార్డులోకి లెక్కలాయన వచ్చాడు. ఆపరేషన్ అయ్యాక ఎవరికి ముదురుతుందో కొన్ని గంటల ముందే కంప్యూటర్ చేత చెప్పించాలని పెద్ద డాక్టరుగారి ముచ్చట. పాత రోగుల వివరాలన్నీ దానికి చూపిస్తే, ఎవరు కోలుకున్నారో ఎవరు విషమించారో అందులోంచి అదే నేర్చుకుని, కొత్తవాళ్ళ విషయంలో జోస్యం చెప్తుందన్నమాట. మెషీన్ లెర్నింగ్ అంటారు. ఆ విద్యలోనే పండిపోయిన మనిషి లెక్కలాయన. రాగానే కంప్యూటర్ ముందు కూర్చోకుండా వార్డులో కుర్చీ వేసుకు కూర్చున్నాడు. ఇక ప్రశ్నలే ప్రశ్నలు. ఈ జ్వరం చూసినప్పుడే రాశారా, తర్వాత గుర్తుచేసుకుని రాశారా? ఈ రక్తపరీక్ష అందరికీ చేస్తారా, అనుమానం ఉన్నవాళ్ళకేనా?

"మాస్టారూ, మీరొచ్చింది రోగుల జబ్బు కనిపెట్టడానికా, మా నర్సుల గుట్టు కనిపెట్టడానికా?" అంది పెద్దక్క.

"రెండూ కలిసిపోయి ఉంటాయి పెద్దక్కా. విడదీయడమే నా పని" అన్నాడాయన.

విడదీయడానికి ఆయనకి ఏళ్ళు పట్టింది. చివరికి తేల్చిందేమిటయ్యా అంటే, తన లెక్క నూటికి డెబ్బైసార్లు సరిగ్గా చెప్తుందని, మిగతా ముప్పైసార్లు పొరబడుతుందని. పైగా ఆ పొరబాట్లు ఏయే చోట్ల జరగొచ్చో తనే రాసిచ్చాడు. పెద్ద డాక్టరుగారు ఆ కాగితం చూసి, "కొండని తవ్వి ఎలకని పట్టావయ్యా" అన్నారు. ఒప్పందం గడువు తీరిపోయింది, మళ్ళీ పొడిగించలేదు. లెక్కలాయన కుర్చీ మడిచి గోడకి చేరేసి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాతే ఆ కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది. లెక్కలు రానక్కరలేదు, ప్రోగ్రాములు రాయనక్కరలేదు, పట్టిక ఎక్కించు, బటన్ నొక్కు, అంతే. ఎవరు నొక్కుతారంటే అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పెద్దక్క ముందుకొచ్చింది. టీ గ్లాసు పక్కన పెట్టుకుని, పాత రోగుల పట్టికంతా ఎక్కించి, నొక్కింది. టీ చల్లారేలోపు జవాబొచ్చింది. నూటికి తొంభై ఆరు.

ఆవిడ సంతోషాన్ని నేను ఎగతాళి చెయ్యను. బడి గుమ్మం బయట నిలబడి ఎక్కాలకి ఏడ్చిన పిల్ల, జన్మలో మొదటిసారి ఒక అంకె తన మాట విన్నదని మురిసిపోయింది. ఇంటికెళ్ళి తమ్ముడికి చెప్తే వాడు వీధంతా వినిపించేలా, "మా అక్కకి లెక్కలొచ్చాయహో!" అని కేకపెట్టాడు. పెద్ద డాక్టరుగారు మీటింగులో చెప్పి చప్పట్లు కొట్టించారు.

కాస్త గర్వం కూడా తలకెక్కింది, లేదనను. ఆ ఊపులో లెక్కలాయనకి ఫోను చేసింది. "మాస్టారూ, మీది డెబ్బై, నాది తొంభై ఆరు" అంది.

ఆయన నొచ్చుకోలేదు, మెచ్చుకున్నాడు. మెచ్చుకుని, "దేన్ని చూసి చెప్తోందో చూపించే పేజీ ఒకటుంటుంది, తెరవండి" అన్నాడు.

తెరిచింది. నాడి, జ్వరం, ఊపిరి, అన్నీ కింద ఉన్నాయి. అన్నిటికంటే పైన ఉన్నది మంచం నంబరు. పెద్దక్క పకపకా నవ్వింది. "మంచానికి కూడా జాతకం ఉంటుందన్నమాట!"

లెక్కలాయన నవ్వలేదు. "ఎవరికి ఏ మంచమో ఎవరు నిర్ణయిస్తారు?"

"నిర్ణయించేదేముంది? ఏది ఖాళీగా ఉంటే అది."

అబద్ధమాడాలని కాదు. ఎదురుకి మార్చడం అనేది ఒక నిర్ణయమని ఆవిడకి తోచలేదు. మనం రెప్ప వేస్తూ ఉంటాం, వేస్తున్నామని ఎవరికైనా చెప్తామా?

"ఎందుకైనా మంచిది, ఆ కాలమ్ తీసేసి మళ్ళీ ఒకసారి నొక్కండి" అన్నాడాయన.

తీసేసి నొక్కింది. అంకె డెబ్బైకి వచ్చి కూర్చుంది. పెద్దక్క దాన్ని చాలాసేపు చూసింది. తన డెబ్బై దగ్గరికి నన్నూ లాక్కుపోదామని చూస్తున్నాడు ఈయన, అనుకుంది. తొంభై ఆరని పెద్ద డాక్టరుగారు పదిమందిలో చెప్పేశారు కూడా. ఆ కాలమ్‌ని తిరిగి పెట్టేసి, మళ్ళీ నొక్కింది. తొంభై ఆరు వచ్చింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సినంత సంగతని అనుకోలేదు.

మర్నాటినుంచీ బల్లమీది తెరలో ప్రతి రోగి మంచానికీ ఒక రంగు. ఎరుపైతే ప్రమాదం, పసుపైతే జాగ్రత్త, పచ్చైతే నిశ్చింత. వార్డులో దానికి రంగుల డాక్టరని పేరు పెట్టేశారు. మొదట్లో బ్రహ్మాండంగా పనిచేసింది. ఎందుకు పనిచెయ్యదు? నర్సులు అలవాటు కొద్దీ ఎదురుకి మారుస్తూనే ఉన్నారు, మార్చిన మంచాన్నల్లా అది ఎర్రగా చూపిస్తూనే ఉంది. చూశావా ఎలా పట్టేసిందో అని వీళ్ళు ముక్కున వేలేసుకున్నారు.

కొత్తొక వింత అన్నారు గానీ, వింత అలవాటైపోవడానికి ఎంతోకాలం పట్టదు. వార్డులో పొడుగు నర్సని ఒకమ్మాయి ఉంది, చూపు చురుకు. ఒకరోజు ఆ అమ్మాయి వచ్చి, "అక్కా, ఆ చివర తాతగారు ఎందుకో బాలేదు. ఎదురుకి మారుద్దామా?" అంది.

"రంగేంటి?" అంది పెద్దక్క.

"పచ్చే."

"మరింకేం, ఉండనీ."

ఆ తాతగారికి ఏమీ కాలేదు, నడుచుకుంటూ ఇంటికెళ్ళాడు. అదీ ఒక చేటే అయింది. ఆ తర్వాత ఎందుకో బాలేదనే మాట వార్డులో తగ్గిపోయింది. మంచాలు తోసే పనీ తగ్గింది, నడుం నొప్పులూ తగ్గాయి. ఎదురు మంచాల్లో ఎవరు ముందొస్తే వాళ్ళు పడుకుంటున్నారు. తెర చూడటం తేలిక. మనిషిని చూడాలంటే దగ్గరికెళ్ళి నిలబడాలి, ఏమీ చెయ్యకుండా కాసేపు ఊరికే నిలబడాలి. అంత తీరిక ఏ నర్సుకుంది?

అప్పుడే తమ్ముడికి పేగు చిల్లుపడింది. కడుపు పట్టుకుని మెలికలు తిరుగుతుంటే మరదలు ఆటోలో వేసుకొచ్చింది. ఆపరేషన్ బాగానే జరిగింది. మత్తు దిగగానే వాడు చేసిన మొదటి పని, నవ్వితే కుట్లు లాగుతాయని తెలిసీ నవ్వడం. కిటికీ పక్కన గాలొస్తుందని చివరి మంచం అడిగి మరీ వేయించుకున్నాడు.

"నీ రంగుల డాక్టరు నాకేం రంగేశాడే అక్కా?"

"పచ్చ."

"అబ్బో! అయితే ఇంటికెళ్ళి మిషను తిప్పుకోవచ్చన్నమాట."

"నోర్మూసుకుని పడుకోరా. కుట్లు ఊడితే మళ్ళీ నేనే చూడాలి" అని తిట్టింది పెద్దక్క. తిట్టిందంటే బాగున్నట్టే కదా, చుట్టుపక్కల మంచాలవాళ్ళు కూడా నవ్వారు.

రెండు రోజులు గడిచాయి. ఆ మర్నాడు పొద్దున వార్డు కిటకిటలాడుతోంది. పెద్దక్క అటుగా వెళ్తూ తమ్ముడి మంచం దగ్గర ఆగింది. మందు ఎక్కుతోందో లేదో సీసా చూసింది, తలగడ సర్దింది, వెళ్ళిపోయింది. మధ్యాహ్నం భోజనాల వేళ మరదలు బల్ల దగ్గరికొచ్చి నిలబడింది.

"వదినా, ఆయన అదోలా ఉన్నారు."

"అదోలా అంటే? నొప్పంటున్నాడా?"

"నొప్పనలేదు. ఏమీ అనడంలేదు. పొద్దుట్నించీ ఒక్క జోకు వెయ్యలేదు. ఇందాక మంచినీళ్ళిస్తే థాంక్స్ అన్నారు."

పెద్దక్క తెర వైపు చూసింది. చివరి మంచం పచ్చగా ఉంది. కాస్త జ్వరం, నాడి కాస్త జోరు, విడివిడిగా చూస్తే ఏదీ పట్టించుకోవాల్సినది కాదు. లేచి మంచం దగ్గరికెళ్ళింది, వెళ్ళలేదని ఎవరూ అనలేరు. తమ్ముడు కళ్ళు మూసుకుని ఉన్నాడు. వేళ్ళు దుప్పటి అంచుని పీకుతున్నాయి. అవతలి మంచంవాడు సూదిమందు కోసం అరుస్తుంటే తల అటు తిప్పింది.

"నిద్రపోనీ. అలిసిపోయి ఉంటాడు. అంతా పచ్చగానే ఉంది, నాదీ పూచీ. నువ్వు కూడా కాస్త నడుం వాల్చు, ముఖం చూడు ఎలా పీక్కుపోయిందో" అంది మరదలితో.

సాయంత్రం చుట్టాలు వచ్చే వేళకి పొడుగు నర్సు కేక వినిపించింది. పెద్దక్క పరుగెత్తేసరికి తమ్ముడి ఒళ్ళు చల్లగా, చెమటగా ఉంది. లోపల కుట్టు వదిలి విషం రక్తంలోకి పాకింది. మళ్ళీ ఆపరేషన్ థియేటర్‌కి తీసుకెళ్ళారు. పొద్దున్నే పట్టుకుని ఉంటే దక్కేవాడేమో అని ఆపరేషన్ చేసిన డాక్టరు ఎవరితోనో అంటుండగా పెద్దక్క విన్నది. ఆయన ఆవిణ్ణి చూసి మాట మింగేశాడు. మర్నాడు వాడు పోయాడు. 

లెక్కలాయన వచ్చాడు. ఓదార్పు మాటలు ఆయనకి చేతకావు, వరండా బెంచీ మీద పక్కన కూర్చున్నాడు. పెద్దక్క ఏడవకుండా అన్నీ చెప్పింది. ఎదురుకి మార్చే అలవాటు గురించి ఆయనకి చెప్పడం అదే మొదలు. కాలమ్ తిరిగి పెట్టిన సంగతీ చెప్పింది. ఆయన కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"అది జబ్బుని నేర్చుకోలేదు పెద్దక్కా. మిమ్మల్ని నేర్చుకుంది. మీరు ఎవరిని చూసి భయపడ్డారో అదొక్కటే దానికి తెలుసు. దాని రంగు చూసుకుని మీరు రోగిని చూసి భయపడటం మానేశారు. ఇక దానికేం కనపడుతుంది?"

"మీదైతే చెప్పేదా మాస్టారూ?"

అవునంటే ఆవిడ కుమిలిపోతుంది, కాదంటే కాస్త తెరిపిన పడుతుంది. పాపం, ఆయనకి రెండూ అనడం రాదు. "తెలీదు. నాది ముప్పైసార్లు తప్పేది. మీ తమ్ముడు ఆ ముప్పైలో ఉండేవాడేమో. ఆ ఎదురు మంచాల సంగతి నేనూ అడగలేదు కదా, అంతకాలం వాటి పక్కనే కుర్చీ వేసుకుని" అన్నాడు.

పెద్దక్క వెళ్ళి పెద్ద డాక్టరుగారితో తనే అంతా ఒప్పుకుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఆయన కమిటీ వేశారు. తెరమీద రంగులు ఆపేశారు. నర్సులు మళ్ళీ మంచాలు తోయడం మొదలుపెట్టారు గానీ, తోసేముందు ఒకరినొకరు అడుగుతున్నారు, "నిజంగానే బాలేదంటావా?" అని. ఇదివరకు అలా అడిగేవాళ్ళు కాదు.

ఇవన్నీ ఒక ఎత్తు. మరదలికి చెప్పడం ఒక ఎత్తు. ఆ పిల్ల ఇంకా పాత నమ్మకంలోనే ఉంది. వచ్చినవాళ్ళందరితో, "మా వదినగారి వార్డు కాబట్టి ఏ లోటూ రాలేదు. ఆవిడ కళ్ళల్లో పెట్టుకు చూశారు" అంటోంది. ఆ మాట విన్నప్పుడల్లా పెద్దక్క ఏదో పనున్నట్టు లేచి లోపలికి వెళ్ళిపోయేది. ఊరుకుంటే ఊరుకోవచ్చు. ఆ పిల్లకి కంప్యూటరూ తెలీదు, కాలమ్ సంగతీ తెలీదు, ఎవరూ చెప్పరు. కానీ చెయ్యని మేలుకి మెప్పు పొందడం పెద్దక్క వల్ల కాలేదు.

చుట్టాలంతా వెళ్ళిపోయాక ఒక మధ్యాహ్నం ఆ ఇంటికెళ్ళింది. మరదలు వరండాలో ఉతికిన బట్టలు మడతపెడుతోంది. తమ్ముడి నూనె మరకల చొక్కాలు కూడా ఉతికింది. పెద్దక్క పక్కన కూర్చుని, ఒక చొక్కా తీసుకుని మడతపెట్టింది.

"అమ్మాయ్, నువ్వు అందరితో అనే మాట నిజం కాదు. నేను వాణ్ణి చూడలేదు."

"అదేంటి వదినా? మంచం దగ్గరికి వచ్చారు కదా."

"వచ్చాను. చూడలేదు. తెర పచ్చగా ఉంది, అది చూసి వచ్చాను. వాడు దుప్పటి పీకుతున్నాడు, నా కళ్ళకి ఆనింది, బుర్రకి ఎక్కలేదు. నువ్వొచ్చి చెప్పినా వినలేదు. తప్పు నాది. నన్ను తిట్టు, కొట్టు, ఈ గుమ్మం తొక్కొద్దను, పడతాను."

తిట్లకి ఆవిడ సిద్ధపడే వచ్చింది. ఎంత పెద్ద మాటన్నా తలొంచుకుని పడాలని దారిపొడుగునా మనసుని గట్టి చేసుకుంటూ వచ్చింది.

మరదలు తిట్టలేదు. మడతపెడుతున్న చొక్కా ఒళ్ళో పెట్టుకుంది.

"నాకు తెలుసు వదినా, ఆయనకి బాలేదని. నాకు తెలుస్తూనే ఉంది. మీరు బాగున్నాడన్నారని, నాకే పిచ్చి అనుకున్నాను. ఆసుపత్రి వరండాలో బెంచీ మీద పడుకుని నిద్రపోయాను" అంది. "హాయిగా నిద్రపట్టింది కూడా."

మరదలు ఒళ్ళోని చొక్కాలో ముఖం దాచుకుని ఏడ్చింది. ఆ పిల్ల ఏడుస్తున్నది ఆవిడమీద కోపంతో కాదు, తనమీద తనకే కోపంతో. ఆ కోపాన్ని కూడా ఇటిచ్చెయ్యి, నేనే మోస్తాను అని పెద్దక్క అందామనుకుంది గానీ, అది ఇచ్చేదీ కాదు, పుచ్చుకునేదీ కాదు. మరదలి చెయ్యి పట్టుకుని, పొద్దువాలేదాకా అక్కడే కూర్చుంది.